ఇనప రజను నింపిన బంతి

మైదానంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కోచ్‌లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: "సార్, మీరు ఎంతమందిని గెలిపించారు?" నాకు చిర్రెత్తుకొస్తుంది. నేను గెలిపించడమేమిటి? పరిగెత్తింది వాళ్లు. నేను గీత పక్కన నిలబడి గొంతు చించుకున్నాను, అంతే. ఆ గొంతు చించుకోవడంలో ఏది పనికొచ్చింది, ఏది పిల్లల ఒంటికి చేటు చేసింది అన్నది మాత్రం నాకు బాగా తెలుసు. అసలు అడగాల్సింది అది. ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్లూ బదిలీలూ ఉండవు. అవి చదివి మీరు బాగుపడేది ఏమీ లేదు. స్ప్రింటర్లకు మెడిసిన్ బాల్ ఎలా పట్టించానో, అందులో ఎక్కడ తప్పు చేశానో, ఆ తప్పు ఒక ఆడపిల్ల నడుం మీద ఎలా పడిందో రాస్తాను. ఇంత చెప్పీ నేను తల దించుకుని మాట్లాడబోవడం లేదు. ఆ పని నేను గర్వంగానే చేశాను, గర్వంగానే చెప్పుకుంటాను.

మా నాన్న రాయ్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గేటు దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. నేను కుర్రతనంలో వంద మీటర్లు పరిగెత్తాను. పెద్ద గొప్పగా ఏమీ కాదు. ఎందుకు గొప్పగా పరిగెత్తలేకపోయానో తెలుసుకోవాలన్న కసితోనే కోచింగ్‌లోకి వచ్చాను. రాయ్‌పూర్ రాజధాని అయిన ఏడాదే రిటైరయ్యాను.

వానాకాలం పని

మా ఊళ్లో వానలు మొదలైతే మైదానం బురద. స్పైక్స్ వేసుకుంటే కిలో మట్టి అంటుకొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చాలామంది కోచ్‌లు పిల్లలకు సెలవిచ్చేసేవాళ్లు. నా లెక్కలో మాత్రం ఏడాదిలో అసలు పని అప్పుడే. వేగం తర్వాత వస్తుంది. ముందు ఆ వేగాన్ని మోసే ఒళ్లు కావాలి. నడుం, పిర్రలు, పొత్తికడుపు, వీపు, భుజాలు అన్నీ ఒక్కసారిగా పలికే ఒళ్లు. దానికి గ్యాలరీ కింది వరండా, నాలుగు బరువు బంతులు చాలు.

మెడిసిన్ బాల్ అంటే పేరు చూసి మందులకు సంబంధించింది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది బరువున్న బంతి. గుండెల దగ్గరనుంచి తోయడం, తల మీదనుంచి విసరడం, గోడకు పక్కగా నిలబడి నడుం తిప్పి కొట్టడం, గొంతుక్కూర్చుని కాళ్ల మధ్యనుంచి ఊపి వెనక్కి తల మీదుగా ఎగరెయ్యడం. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. అందులో ఉన్న మర్మం ఒక్కటే: బంతిని చేతులతో కాదు, కాళ్లతో విసరాలి. పాదం నేలను తంతే, ఆ బలం తుంటి మీదుగా నడుంలోకి, నడుంలోంచి చేతుల్లోకి వెళ్లాలి. దార్లో ఎక్కడ కారిపోతే అక్కడ ఆ పిల్లవాడికి బలం లేదన్న మాట. పరుగులో కనపడని లోపం బంతిలో కనపడుతుంది. బార్బెల్ ఎత్తించడానికి మా దగ్గర బార్బెల్ ఎక్కడ ఏడిచింది గనక? బంతి చవక, బంతి ఆట, పైగా పిల్లలు నవ్వుతూ చేస్తారు.

ఇంత తెలిసినవాణ్ణి, తప్పు చేశాను. తెలిసినవాడే చేస్తాడు.

తివారీ సాబ్

మా క్రీడాధికారి తివారీ సాబ్. ఒకప్పుడు కుస్తీ పట్టిన మనిషి, చెవులు నలిగిపోయి ఉండేవి. ఆయనకు స్ప్రింట్ గురించి ఓనమాలు తెలియవు. ఇది ఆయన వెనకాల కాదు, ఎదురుగానే అన్నాను, అందుకు రెండేళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సాయంత్రాలు చేతులు వెనక్కి కట్టుకుని వరండాలోకి వచ్చేవాడు.

"రావ్‌జీ, దౌడ్‌నేవాలా దౌడేగా, కి గేంద్ ఖేలేగా?"

పరిగెత్తేవాడు పరిగెత్తాలా, బంతాట ఆడాలా అని. పిల్లలంతా కిసుక్కున నవ్వేవాళ్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయనకు తెలిసిన కోచింగల్లా రౌండ్లు కొట్టించడమే. పది రౌండ్లు, చాలకపోతే ఇరవై. స్ప్రింటర్లను ఎద్దుల్లా తిప్పితే ఎద్దుల్లాగే పరిగెడతారని నేను, నువ్వు పుస్తకాలు చదివి చెడిపోయావని ఆయన. ఈ మనిషి దగ్గర నేర్చుకోవాల్సింది ఏమీ లేదని గట్టిగా నమ్మాను. అది నా మొదటి తప్పు, రెండోదానికంటే చిన్నదేమీ కాదు.

బీర్‌గావ్ పిల్ల

ఎనభైల చివర్లో నా దగ్గరికి పైడితల్లి వచ్చింది. బీర్‌గావ్ నుంచి సైకిల్ మీద రోజూ వచ్చేది. వాళ్ల నాన్న అప్పారావు ఉర్లాలో ఒక ఇనప సామాను ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. విజయనగరం జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన యాస చెక్కుచెదరలేదు. పిల్ల మాత్రం సగం తెలుగు, సగం హిందీ.

ఆ పిల్ల మొదటి ముప్ఫై మీటర్లు చూసి నా ఒళ్లు ఝల్లుమంది. అలాంటి స్టార్ట్ నేను చేతులారా ఎవరికీ నేర్పలేదు, అది పుట్టుకతో వచ్చింది. కానీ అరవై దాటేసరికి నడుం వంగిపోయేది, తల వెనక్కి పడేది, భుజాలు చెవుల దాకా ఎక్కేవి. ఒంట్లో మధ్యభాగం నిలబెట్టలేకపోవడం అది. వానాకాలం బంతి పని సరిగ్గా ఇలాంటి పిల్లలకోసమే.

వానలు మొదలవుతుండగా అప్పారావు మైదానానికి వచ్చాడు. ఫ్యాక్టరీ బట్టల్లోనే, చేతులకు నూనె మరకలతో.

"మేస్టారూ, దాపరికం ఏటి, ఉన్నమాట సెప్పేస్తాను. ఈ ఒక్కసారీ సూస్తాను. రైల్వే వోళ్లు ఆటగాళ్లని తీసుకుంటారంట గదా, అందులో అయ్యిందా, మంచిదే. అవ్వనేదా, ఉర్లాలో పేకింగ్‌లో ఎట్టేస్తాను. సూపర్వైజరు బాబుతో మాటాడేసినాను. దీని ఎనకాల ఇంకిద్దరున్నారు. నాకా, కళ్లు రోజురోజుకీ మసకేసేస్తన్నాయి. లేత్ మీద ఇంకెన్నాళ్లు నిలబడతానో నాకే తెల్దు."

"ఎప్పుడు ఆ ట్రయల్స్?" అన్నాను, తెలిసీ.

"మీరే సెప్పాల గదా బాబూ. సలి తగ్గినాక అంటంది పిల్ల."

అవును, చలి తగ్గాక. బిలాస్‌పూర్‌లో. చేతిలో ఏడెనిమిది నెలలు. అయితే రైల్వే ఉద్యోగం, కాకపోతే పెట్టెల్లో బోల్టులు సర్దే పని. పరుగు అక్కడితో సరి. పైడితల్లి పక్కనే నిలబడి అన్నీ వింటోంది. "అవుతుంది అప్పారావు గారూ, నేను చేయిస్తాను" అన్నాను. కోచ్‌గా మీరు ఎప్పుడూ అనకూడని మాట అది. నేను అన్నాను.

బంతి తయారైన విధం

అప్పటికి మా దగ్గర ఉన్న రెండు బంతులూ కుట్లు ఊడి చిరిగిపోయాయి. కొత్తవి అడిగితే వచ్చేసరికి ఇంకో వానాకాలం వస్తుంది. పాత ఫుట్‌బాల్ తోలు తెచ్చి, రైల్వే స్టేషన్ దారిలో చెప్పులు కుట్టే దుకాలూ అనే ఆయన చేత కుట్టించుకునేవాళ్లం. లోపల గుడ్డపీలికలు, మిల్లు దూది. అది మామూలు పద్ధతి.

ఈసారి నాకు పెద్ద బుద్ధి పుట్టింది. గుడ్డతో బంతి రెండు కిలోలకు మించదు. పైడితల్లికి నడుం గట్టిపడాలి, తొందరగా గట్టిపడాలి. మా ఊళ్లో మనుషులందరికీ బరువంటే గౌరవం. లోకో షెడ్‌లో పెరిగినవాణ్ణి, నాకూ అంతే. ఎక్కువ బరువు ఎత్తినవాడు ఎక్కువ మగాడు. ఆ లెక్కే బంతికీ వేశాను. లోపల ఇనప రజను నింపితే? లేత్ మిషన్ కింద రాలే ఇనప పొడి ఉర్లాలో ఎక్కడ చూసినా గుట్టలే. అప్పారావుతో అన్నాను. మర్నాడే సైకిల్ క్యారియర్ మీద చిన్న మూట కట్టుకుని తెచ్చాడు. కూతురికోసం తనూ ఒక చెయ్యి వేస్తున్నానని ఆయన మొహం వెలిగిపోయింది.

దుకాలూ మాత్రం మూట విప్పి చూసి మూతి విరిచాడు.

"లోహా భరబే త సిలాయీ నఇ టికయ్ గురూజీ. అఉ పానీ పరహీ త?"

ఇనుం నింపితే కుట్టు ఆగదు, పైగా నీళ్లు తగిలితే ఏం చేస్తావు అని. నేను వినలేదు. "నువ్వు కుట్టు, సంగతి నేను చూసుకుంటా" అన్నాను. రజను మధ్యలో పోసి, చుట్టూ గుడ్డలు దట్టించి, తోలు మీద తోలు వేసి కుట్టి ఇచ్చాడు. ఆరు కిలోల బంతి. చేత్తో పట్టుకుంటే ఎంత ముచ్చటేసిందో! పిల్లలు దానికి 'పహిల్వాన్' అని పేరు పెట్టారు.

ఆ వానాకాలం పైడితల్లి చేత పహిల్వాన్‌ను వెనక్కి తల మీదుగా విసిరించాను. పది, విశ్రాంతి, ఇంకో పది. ఆ పిల్ల ఎప్పుడూ చాలు అనేది కాదు. నేను "ఇంకో పది" అంటే "జీ సార్" అనేది. జూలై గడిచింది. దూరం పెరుగుతోంది. నేను మురిసిపోతున్నాను.

ఒక్కటే చిక్కు. బంతి ఎప్పుడూ కొంచెం ఎడమ పక్కకే పడేది.

"చేతులు సమానంగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి? ఎడమకి ఎందుకు పోతోంది?" అని కసిరేవాణ్ణి.

"సారీ సార్" అని, తర్వాతిసారి నడుం ఇంకాస్త కుడికి మెలిపెట్టి విసిరేది. మిగతా పిల్లలు విసిరినా ఎడమకే పడేది. వాళ్లనీ తిట్టాను. ఇంతమంది పిల్లలూ ఒకే తప్పు ఎలా చేస్తున్నారు అని ఒక్కసారైనా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. నా మొహం, కోచ్‌నట!

సైకిల్ దిగేటప్పుడు

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం తివారీ సాబ్ ఎప్పటిలాగే వచ్చి నిలబడ్డాడు. ఈసారి గేంద్ ఊసెత్తలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"రావ్‌జీ, వో ఛోరీ సైకిల్ సే ఉతర్తే వక్త్ కమర్ పకడ్తీ హై. ఆప్‌నే దేఖా?"

ఆ పిల్ల సైకిల్ దిగేటప్పుడు నడుం పట్టుకుంటోంది, చూశావా అని. నేను చూడలేదు. నేను ఆమెను చూసేది విజిల్ ఊదాకే. నాకు కనపడేవి స్టార్టూ విసురూ మాత్రమే. విజిల్‌కు ముందు గేటు దగ్గర ఆమె ఎలా నడుస్తోంది, బూట్ల తాళ్లు కట్టుకోవడానికి ఎందుకు వంగకుండా మెట్టు మీద కాలు పెడుతోంది, ఇవేవీ నా పని కాదనుకున్నాను. స్ప్రింట్ గురించి ఓనమాలు తెలియని మనిషి చూశాడు. కుస్తీ అఖాడాలో ఎదుటివాడి నొప్పి వెతుక్కుని అక్కడే పట్టు వేసిన మనిషి, చూడక ఏం చేస్తాడు?

పైడితల్లిని పిలిచాను. "నడుం నొప్పా?"

"నై సార్. బస్ థోడా పట్టేసింది."

"ఎన్నాళ్లనుంచి?"

నేల చూపులు చూసింది. "రాఖీ పండక్కి ముందునుంచి సార్."

"మరి చెప్పవేం?"

"ఆపేస్తారని సార్. ఆపేస్తే నాన్న పేకింగ్‌లో పెట్టేస్తాడు."

తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల నొప్పి దాచుకుంది, నా మీద గౌరవంతో కాదు, నేనంటే భయంతో. కోచ్ దగ్గర నొప్పి దాచాల్సి వచ్చిందంటే ఆ కోచ్ సగం చచ్చినట్టే.

పిల్లలందరినీ పంపించేసి పహిల్వాన్‌ను నేనే ఎత్తాను. వెనక్కి విసిరాను. ఎడమకి పడింది. మళ్లీ. మళ్లీ ఎడమకే. వరండా సిమెంటు గచ్చు మీద దొర్లించాను. నాలుగు అడుగులు తిన్నగా వెళ్లి, గుండ్రంగా తిరిగి, ఒకే పక్క కిందికి పెట్టుకుని కూర్చుంది. పదిసార్లు దొర్లించాను. పదిసార్లూ అదే పక్క.

దుకాలూ కుట్లు కోసి చూపించాడు. వాన తేమకు గుడ్డలు తడిసి, రజను తుప్పు పట్టి, బెల్లం అచ్చులా ఒకే ముద్ద అయి ఒక అంచుకు చేరిపోయింది. కుట్టు పైకి పెట్టి పట్టుకోవడం అందరికీ అలవాటు కాబట్టి ఆ అంచు ఎప్పుడూ ఒకే పక్కకు వచ్చేది. ఆ పిల్ల విసిరిన ప్రతిసారీ ఆ ముద్ద ఆమె నడుంను ఒక పక్కకు లాగింది, నేను దాన్ని ఆమె తప్పని రెండో పక్కకు మెలిపెట్టించాను. దుకాలూ "నేను చెప్పానా లేదా" అనలేదు. పెద్దమనిషి. అని ఉంటే బాగుండేది.

ఎవరి తప్పు

ఎముకల డాక్టరు చూసి ఎముకకేమీ కాలేదు, కండరం పట్టింది, ఆరు వారాలు ఏదీ ఎత్తొద్దు, పరిగెత్తొద్దు అన్నాడు. ఆరు వారాలు! నేను లెక్క వేసుకున్నాను. దసరా దాటిపోతుంది. మిగిలేది నాలుగు నెలలు.

బీర్‌గావ్ వెళ్లి అప్పారావుకు చెప్పాను. గుమ్మంలో పీట వేశారు, ఆయన కింద కూర్చున్నాడు. నేను మొత్తం చెప్పాను. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"నాను తెచ్చిన పొడి వొల్లేనా మేస్టారూ?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగి నిజం రాయాలి. ఆయన ఆ మాట అనగానే నా గుండెలో ఒక దారి తెరుచుకుంది. అవును అప్పారావు గారూ, ఆ పొడి వల్లే అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. ఆయన జన్మంతా తన వల్లే కూతురి నడుం చెడిందని కుమిలేవాడు, నేను హాయిగా ఇంటికి పోయేవాణ్ణి. ఆ మాట నా నాలుక చివరదాకా వచ్చింది, దాచుకోను.

"కాదు. పొడి తెమ్మన్నది నేను. కుట్టేవాడు వద్దంటే కుట్టించింది నేను. బంతి ఒరిగిందని తెలుసుకోకుండా మీ పిల్లను తిట్టింది నేను. మీ తప్పు ఇసుమంత కూడా లేదు."

లోపల్నుంచి ఆయన భార్య టీ తెచ్చింది. గ్లాసు నాకు అందించి, అప్పారావు అన్నాడు: "మాట ఇచ్చినాను గదా, సలి తగ్గేదాకా అని. అప్పటిదాకా మీకాడే. తరవాత మాత్రం నన్నేటీ అడక్కండి."

తిట్టి ఉంటే ఆ టీ గొంతు దిగేది. తిట్టకపోయేసరికి దిగలేదు.

మర్నాడు తివారీ సాబ్‌కు చెప్పాను. ఎగతాళి చేస్తాడని సిద్ధపడే వెళ్లాను. "గల్తీ మాన్ లీ, బస్. అబ్ బచ్చీ కో దేఖియే" అన్నాడు. తప్పు ఒప్పుకున్నావు, చాలు, ఇక పిల్లను చూసుకో అని. ఆ తర్వాత కూడా ఆయన రౌండ్లు కొట్టించమని నస పెడుతూనే ఉన్నాడు, నేను కొట్టించలేదు. కానీ ఆయన చెబితే వినడం మొదలుపెట్టాను.

హాజరు

మొదట మార్చింది బంతిని కాదు, హాజరు పిలిచే పద్ధతిని. పేరు పిలిస్తే "యస్ సార్" అనడం మాన్పించాను. పేరు పిలవగానే ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో చెప్పాలి. లేకపోతే లేదు అనాలి. చెప్పినవాణ్ణి తిట్టను, ఇంటికి పంపించను, పని మారుస్తాను. మొదటి వారం అందరూ "నహీఁ సార్, నహీఁ సార్" అని గబగబా అనేశారు. ఒకడు "పేట్ మే దర్ద్, భూఖ్ సే" అన్నాడు, ఆకలితో కడుపునొప్పి అని, అందరూ పగలబడి నవ్వారు. వాడికి వేరుశనగపప్పు తెప్పించాను. మర్నాటినుంచి నిజాలు బయటికి రావడం మొదలైంది. మడమ అని ఒకడు, మోకాలి కింద అని ఒకతె. అసలు ఈ మైదానంలో ఇన్ని నొప్పులున్నాయా అని హడలిపోయాను. రిటైరయ్యేదాకా నేను హాజరు అలాగే పిలిచాను. నా ఉద్యోగంలో నేను కనిపెట్టింది ఏదైనా ఉంటే అదొక్కటే.

బంతి సంగతి. ఆరు వారాలు అయ్యాక పైడితల్లికి కిలో బంతి ఇచ్చాను. ఇనుం ఊసెత్తలేదు, దుకాలూ చేత వడ్లు నింపించాను. ధాన్యానికి మా దగ్గర కరువేముంది? బ్రహ్మాండంగా ఉంది, చేతిలో ఒదిగింది, దొర్లిస్తే తిన్నగా పోయింది. నాలుగో రోజు స్టోర్ రూమ్ తలుపు తీస్తే ఖాళీ తోలు తిత్తి, చుట్టూ వడ్ల పొట్టు. ఎలుకలు పెళ్లి భోజనం చేసి వెళ్లాయి. తివారీ సాబ్ ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాడు. "రావ్‌జీ కే చూహే ఓలింపిక్ జాయేంగే!" రావ్‌జీ ఎలుకలు ఒలింపిక్స్‌కు వెళ్తాయట. నేనూ నవ్వక తప్పలేదు. చివరికి అభన్‌పూర్ దారిలో ఒక రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి, గుడ్డపీలికలతో కలిపి దట్టించాం. దాన్ని ఎలుకలు కూడా ముట్టలేదు.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాటలు. బంతి బరువు ఎంత ఉండాలంటే, విసిరినప్పుడు అది చేతిలోంచి దూసుకుపోవాలి. ఈడ్చుకుపోతే బరువెక్కువ. స్ప్రింటర్‌కు కావలసింది బరువు మొయ్యడం కాదు, ఒళ్లంతా ఒక్కసారిగా వేగంగా పలకడం. ఒక్కో రకం విసురు ఒక విడతకు ఆరుసార్లు, ఎనిమిది మించొద్దు. ఆరోది మొదటిదానికంటే నెమ్మదిగా వెళితే అక్కడితో ఆపండి, లెక్క పూర్తి కాలేదని ఏడవకండి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి విసిరించండి, కాళ్ల సాయం లేనప్పుడు నడుం ఏం చేస్తోందో కనపడుతుంది. మధ్యమధ్య గడ్డి మీద తేలిక పరుగులు పెట్టండి. వెనక్కి విసిరేది వారానికి ఒక్కసారి చాలు. ఇది పరుగు నేర్పే పని కాదు, పరుగుకు ఒళ్లు సిద్ధం చేసే పని. పరుగు పరుగుతోనే వస్తుంది. ఏ బంతి అయినా పిల్లల చేతికిచ్చే ముందు గచ్చు మీద దొర్లించండి, మీరే పదిసార్లు విసరండి. కోచ్ విసరని బంతి పిల్లలు విసరకూడదు.

దీపావళి దాటాక పైడితల్లి అరవై మీటర్ల దగ్గర వంగడం తగ్గింది. డిసెంబరులో ఒక పొద్దున ఎనభై దాకా నిటారుగా వచ్చింది. నేను విజిల్ పారేసి చప్పట్లు కొట్టాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, "సార్, మళ్లీ?" అంది. వద్దన్నాను. ఆ 'వద్దు' నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

బిలాస్‌పూర్

ట్రయల్స్ రోజు పొద్దున హీట్స్, మధ్యాహ్నం ఫైనల్. ఆడపిల్లల వంద మీటర్లలో ఇద్దరిని తీసుకుంటారు. ఎనిమిది మంది ఫైనల్లో ఉన్నారు. నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, కొందరికి మంచి బూట్లు, మంచి కోచ్‌లు. పైడితల్లి తన హీట్‌లో రెండోది.

అప్పారావు పాసింజరు బండిలో వచ్చి కంచె అవతల జనంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు.

ఫైనల్‌కు అరగంట ముందు పైడితల్లి నా దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"సార్, కుడి తొడ వెనకాల పట్టినట్టుంది."

ఆపితే రేపటినుంచి పేకింగ్. ఆపకపోతే కండరం తెగితే జీవితంలో మళ్లీ పరుగు లేదు. ఆరు నెలల కిందటి పైడితల్లి అయితే ఈ మాట నాకు చెప్పేది కాదు. నోరు మూసుకుని పరిగెత్తి ఉండేది. ఇప్పుడు, అంతా పోయే చోట, వచ్చి చెప్పింది. అంత భయంలోనూ నాకు గర్వమేసింది.

"విను" అన్నాను. "నొప్పే అయితే ఇక్కడితో ఆపేద్దాం. మీ నాన్నకు నేను చెప్పుకుంటాను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. గడ్డి మీద రెండుసార్లు నెమ్మదిగా పరిగెత్తి, వచ్చి నిజం చెప్పు. నాకోసం చెప్పకు."

తొడ వెనకాల నొక్కి చూశాను, ముడి ఏదీ తగల్లేదు. నేను చూసింది సరైనదో కాదో ఎవరికి తెలుసు? ఆమె వెళ్లింది. ఒకసారి, రెండోసారి. రెండోసారి కాస్త కాలు చాపి పరిగెత్తింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నొప్పి కాదు సార్. డర్ లగ్ రహా హై." భయమేస్తోంది అని.

"నాకూ" అన్నాను.

ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే స్టార్టింగ్ బ్లాక్స్ దగ్గరికి వెళ్లింది.

పరుగు గురించి ఎక్కువ రాయను, పదమూడు సెకన్లు కూడా లేనిదానికి ఎన్ని పేజీలు కావాలి? స్టార్ట్‌లో ఆమెదే ముందు. యాభై దగ్గర జబల్పూర్ పిల్ల అందుకుంది. డెబ్భై దగ్గర దాటేసింది. ఇంకో ఇద్దరు పక్కల నుంచి మీదికొచ్చారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నది ఒక్కటే, ఆమె నడుం. వంగలేదు. ఎనభై దగ్గరా వంగలేదు, తొంభై దగ్గరా వంగలేదు. గీత దగ్గర ఛాతీ ముందుకు పెట్టి రెండోదిగా దూరింది. సెలక్టర్లు కాగితాలు చూసుకుని, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుని, రెండు పేర్లు చదివారు. రెండోది ఆమెది.

కంచె దగ్గరికి పరిగెత్తింది నేను. ఆ వయసులో, అంత పొట్టతో. అప్పారావు తీగ పట్టుకుని కళ్లు చికిలించి చూస్తున్నాడు. ఎవరు ముందొచ్చారో ఆయనకు కనపడలేదు.

"ఏటయ్యింది మేస్టారూ?"

"అయిపోయింది అప్పారావు గారూ! రైల్వేలో ఉద్యోగం వచ్చేసింది మీ అమ్మాయికి!"

ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన తీగ వదల్లేదు, నవ్వలేదు.

"మరి నడుం? నడుం నొప్పెట్టనేదు గదా పిల్లకి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు లేదు. వెనక్కి తిరిగి పైడితల్లిని కేకేశాను. స్పైక్స్ చేత్తో పట్టుకుని ఉత్త కాళ్లతో వచ్చింది. "మీ నాన్న అడుగుతున్నారు, నువ్వే చెప్పు" అన్నాను.

"లేదు నాన్నా. ఎక్కడా లేదు" అంది.

అప్పుడు ఆయన అక్కడే కింద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చూసినవాళ్లు చూశారు.